మా నాయన కంచం

బతికున్న చుట్టాలకైతే ఉన్నదేదో వండిపెట్టి, ఈ పూటకు ఇంతే, సర్దుకోండి అని చెప్పొచ్చు. చనిపోయినవాళ్ళ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఏడాదికి ఒక్క పూట వస్తారు. నచ్చింది పెట్టకపోతే అలిగి పోతారు. ఆ అలక మళ్ళీ ఏడాది దాకా ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. ఇది మా అవ్వ మునిలక్ష్మమ్మ నమ్మకం. నమ్మకం అంటే తక్కువ చేసినట్టవుతుంది, మా ఇంట్లో అది చట్టం.

మాది కేజీఎఫ్‌లో, మారికుప్పం స్టేషనుకు కూతవేటు దూరంలో లైను ఇల్లు. గనిలో దిగేవాళ్ళ కోసం దొరల కాలంలో వరసగా కట్టిన ఇళ్ళు ఇవి. ఒక ఇంట్లో తాలింపు వేస్తే పది ఇళ్ళవాళ్ళు తుమ్ముతారు. భాద్రపద అమావాస్యకు లైనంతా పెద్దల పండగ చేస్తుంది. పోయినవాళ్ళ ఫొటోల ముందు కొత్త బట్టలు పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో అరిటాకు వేసి, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తాం. దాన్నే ఎడ పెట్టడం అంటాం. వడ్డించాక తలుపు మూసి, వాళ్ళు తినేదాకా మేమంతా బయట కూర్చుంటాం.

మా ఇంట్లో ఆకులు మూడు. మొదటిది ముత్తాత మునిశామప్పది. నంగలి అవతల పల్లె నుంచి నడిచి వచ్చి ఇక్కడి గనిలో దిగిన మనిషి. ఆయనకు రాగిముద్ద ఉండాలి, అన్నం ముట్టడు. రెండోది తాత గోవిందప్పది. ఆయనకు వేటమాంసం పులుసు, బీడీల కట్ట, చిన్న సీసాలో బ్రాందీ, రాబర్ట్‌సన్‌పేట బేకరీలో దొరికే కొబ్బరి బన్ను. మూడోది తాత చెల్లెలు సొన్నమ్మది. మొగుడు పోయి అన్న పంచన చేరిన సొన్నమ్మకూ మా అవ్వకూ బతికున్నంత కాలం ఒక్క పూట పొసగలేదు. ఇప్పుడు ఆమె కోసం అవ్వ బజారంతా తిరిగి మంచి మల్లెపూలు వెదుకుతుంది. “ముండమోసినాక పూలకు మొకం వాచి పోయింది పాపం, ఇప్పుడన్నా పెట్టుకోనీ,” అంటుంది.

నాలుగో ఆకు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అది వేయాలో వద్దో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అది మా నాయన శంకర్‌ది.

గని మూసేశాక లైనులో మగవాళ్ళంతా చేసినట్టే మా నాయన కూడా పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి, వాచ్‌మన్ పని చేసుకుని వచ్చేవాడు. నాకు ఐదేళ్ళప్పుడు ఒకరోజు పోయినవాడు తిరిగి రాలేదు. ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరి మీదా అలగలేదు. క్యారియరు కట్టించుకుని పోయాడు, అంతే. తిరుపతిలో చూశామని ఒకరన్నారు, హోసూరులో లారీ తోలుతున్నాడని ఇంకొకరన్నారు. వెదకని చోటు లేదు. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. అమ్మ గంగ బొట్టూ తాళీ తీయలేదు, అవ్వ తీయనివ్వలేదు. నాయన ఫొటో గోడకు ఉంది, దండ మాత్రం లేదు. నేను ఇప్పుడు అదే రైల్లో బెంగుళూరు పోయి పనిచేస్తున్నాను. వారమంతా లేడీస్ హాస్టల్లో ఉండి శనివారం ఇంటికొస్తాను. ప్లాట్‌ఫారం మీద యాభై దాటిన మగవాళ్ళ ముఖాలు చూడడం నాకు ముక్కు గీరుకున్నంత అలవాటు.

పోయిన ఏడాది పెద్దల పక్షం మొదలయ్యాక వచ్చిన శనివారం నేను ఇల్లు చేరేసరికి అవ్వ పక్కింట్లో ఉంది. అమ్మ వంటింట్లో కింద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, కాళ్ళు కడుక్కోమని కూడా అనకుండా, “మీ నాయన వచ్చినాడు మంజూ,” అంది.

నా చేతిలో బ్యాగు అట్లాగే ఉండిపోయింది.

“కలలో లే,” అని వెంటనే సర్దింది. “వాకిట్లో నిలబడుకోనుండాడు. లోపలికి రాయ్యా అంటే రాలేదు. అన్నం ఉండాదా అని అడిగినాడు. ఇంగేమీ మాట్లాడలేదు.”

నేను ఆమె పక్కన కూర్చున్నాను. పక్షంలో కలలోకి వచ్చి అన్నమడిగేవాళ్ళు ఎవరో మా లైనులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“అది కల కదమ్మా,” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“కాదని ఎవరన్న్యారు? బతికుంటే యాడో ఒక తావ ఎవరో ఒకరు ఇంత ముద్ద పెడతారు. లేకుంటే మనం తప్ప ఎవరు పెడతారు చెప్పు? అడగంది అమ్మైనా పెట్టదంటారు. అడిగినాక కూడా పెట్టకుంటే ఎట్ల?”

“అవ్వతో చెప్పినావా?”

“చెప్తే ఆ యమ్మ బతకతాదా?”

ఆ సాయంత్రం అమ్మ ఎన్నడూ లేనంత మాట్లాడింది. పెళ్ళయిన కొత్తలో ఈ వంటింట్లో అవ్వ రాజ్యం ఎట్లా నడిచేదో చెప్పింది. ఆదివారం వేటమాంసం వండితే అందరికీ తునకలు పడేవి, కోడలికి పులుసు పడేది. అందరూ తిన్నాక కోడలు మొగుడి కంచంలోనే తినాలి.

“ఎంగిలి కంచంలో ఎట్ల తిన్నావమ్మా?” అన్నాను. ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ. ఎదురింటి కొత్త కోడలికి కూడా నేను ఒకసారి ఉపన్యాసం ఇచ్చి చీవాట్లు తిన్నాను.

“ఇను ముందు. మీ నాయన తట్టలో ఒకపక్క కొంచెం అన్నం ఒదిలిపెట్టి లేసేవాడు. నేను చెయ్యి పెట్టి చూస్తే ఆ అన్నం కింద రెండు తునకలు ఉండేవి. కప్పిపెట్టేవాడు, వాళ్ళమ్మకు కనపడకుండా. ప్రతి ఆదివారం అంతే.” శెనక్కాయ తొక్కలు ఒళ్ళోంచి దులుపుకుని లేచింది. “నువ్వు ఎంగిలి అంటావు. నాకు ఈ ఇంట్లో మొగుడు మాట్లాడిన మాటలు అవే.”

“అవ్వకు ఎప్పుడూ తెలీలేదా?”

“తెలిస్తే ఊరికే ఉండేదా?”

అమావాస్య ముందు రోజు మేము ముగ్గురం బజారుకు పోతాం. నేనైతే ముగ్గురం అంటాను, అవ్వ లెక్కలో ఆరుగురం. పక్షం మొదలైతే పెద్దలు ఊళ్ళోకి వచ్చేస్తారట. ఇంట్లో ఎడ పెట్టేదాకా మన వెనకాలే తిరుగుతుంటారట. అందుకని ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కునే అంగట్లోనే కొనాలి. లేకపోతే కనుక్కోలేరు. ఆటో ఎక్కుదాం, మోకాళ్ళ నొప్పులంటావు కదా అంటే అవ్వ ఒప్పుకోలేదు.

“ఆటోలో వాళ్ళు యాడ కూచుంటారు? మీ తాత డ్రైవరు ఒళ్ళో కూచోవల్లనా? బస్సులో పోదాము, సీట్లు ఉంటాయి.”

స్టేషను దగ్గర తాతకు బీడీలు కొని బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న అవ్వ దారి పొడుగునా వెనక్కి తిరిగి పెద్దలకు ఊరు చూపిస్తూనే ఉంది. “చూడు మామా, మీ దొర బంగళాలో పిచ్చి చెట్లు మొలిచినాయి. ఆ క్లబ్బు గేటు తావ నిన్ను నిలబెట్టి మాట్లాడేవాడే, ఇప్పుడు ఆ గేటుకు మేకను కట్టేసుండారు.” ముత్తాత విన్నాడో లేదో కానీ కండక్టరు విన్నాడు. తనతోనే అనుకుని, అవునమ్మా, కాలం అట్లుండాది అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సైనైడు దిబ్బలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి బంగారం ఏరుకోగా మిగిలిన మట్టి అదంతా. ఆ దిబ్బలో తన చెమట కూడా ఉందని తాత అనేవాడట. ఆ మాట కూడా అవ్వ తాతకే మళ్ళీ గుర్తు చేసింది.

రాబర్ట్‌సన్‌పేటలో దిగగానే మూతపడిన సినిమాహాలు ముందు ఆగాం. సొన్నమ్మకు సినిమా పిచ్చి. హాలు ఇప్పుడు సిమెంటు మూటల గోడౌను. అయినా దాని మెట్ల దగ్గరే పూలు కొనాలి.

“పదవ్వా, ఎండ,” అన్నాను.

“నిలబడు. అది కొంచేపు చూసుకోనీ,” అంది అవ్వ. మల్లెపూల పొట్లం పట్టుకుని, తెర లేని ఆ హాలు వైపు, ఆడబిడ్డ చూపు తనివి తీరేదాకా ఓపిగ్గా నిలబడింది. బతికుండగా సినిమాకు పోయిందని ఆమెకు అన్నం దాచకుండా పడుకున్న మనిషే ఈమె.

బేకరీలో మా ఎదురు లైను సీనప్ప తాత కనిపించాడు. ఈయన కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. వయసులో ఉండగా ఇంట్లో పోట్లాడి ఎటో పోయాడు. ఎక్కడో రాతి క్వారీలో చచ్చిపోయాడని కబురొస్తే ఇంటివాళ్ళు ఏడ్చి, పెద్దల అమావాస్యకు ఆకు వేసి ఎడ పెట్టారు. దీపావళికి మనిషి నిక్షేపంగా దిగాడు. గోడ మీద తన ఫొటో, దానికి దండ. ఎడలో పెట్టిన కొత్త పంచె తమ్ముడి ఒంటి మీద. ఏడుపులూ కావలింతలూ అయ్యాక ఆయన అడిగిన మొదటి మాట ఆ పంచె గురించేనట. అప్పటి నుంచి సీనప్ప తాత ఆకులో తినడు. పెళ్ళికి పోయినా, తిరుణాలకు పోయినా స్టీలు తట్ట తెమ్మంటాడు. ఆ రోజు కూడా బన్ను కాగితంలో పెట్టిస్తే పక్కకు తోసి, “తట్టలో ఇయ్యప్పా, నేనింగా ఉండాను,” అన్నాడు.

“నువ్వు యాడికి పోతావులే, మమ్మల్నందరినీ పంపించి గాని పోవు,” అంది అవ్వ.

“నాకు తట్ట లేదంటే మళ్ళీ ఎడ పెట్టినట్టే అక్కా,” అని ఆయన నవ్వాడు.

చివరికి బట్టల అంగడి. ముత్తాతకు పంచె, తాతకు పంచె, తువ్వాలు, సొన్నమ్మకు చీర. చీర రంగు దగ్గర అవ్వ సొన్నమ్మతో కాసేపు వాదించి, ఆమె మాటే నెగ్గనిచ్చింది. మూట కట్టేటప్పుడు అమ్మ గొంతు తగ్గించి అంగడాయనతో, “ఒక షర్టు కూడా ఇయ్యన్నా. నీలం రంగుది,” అంది.

“సైజు ఎంతమ్మా?”

“ముప్పై ఎనిమిది.”

అవ్వ చేతిలో చీర అంచు ఆగిపోయింది. మా ఇంట్లో షర్టు వేసుకునే మనిషి లేడు. ఎవరి కోసమో అడగాల్సిన పనీ లేదు. ముప్పై ఎనిమిది నాయన ఇల్లు దాటిన నాటి సైజు. అమ్మ మనసులో నాయన ఆ వయసు దగ్గరే ఆగిపోయాడని నాకు అప్పుడు తెలిసింది. అవ్వకు కూడా తెలిసిందనుకుంటాను.

“ముప్పై ఎనిమిది చాలదు,” అంది అవ్వ, అంగడాయన వైపే చూస్తూ. “నలభై రెండు ఇయ్యప్పా. ఈ వయసుకి వాళ్ళ నాయనకు కూడా బొజ్జ వచ్చింది.”

“సన్నంగా ఉండే మనిషి అత్తా,” అంది అమ్మ.

“సన్నంగా ఉన్న్యాడు. ఇప్పుడు ఉండడు.”

అంగడాయన రెండు షర్టులూ పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకరు పోయిన మనిషికీ ఇంకొకరు రాబోయే మనిషికీ షర్టు కొంటున్నారు, మధ్యలో నేనెవరిని చెప్పడానికి. చివరికి పెద్దామె మాట ప్రకారం నలభై రెండే మూటలో పడింది.

తిరుగు బస్సులో అవ్వ పెద్దలతో మాట్లాడలేదు. మా స్టాపు దగ్గర దిగి నడిస్తే దారిలో పాత షాఫ్టు వస్తుంది. పైన ఇనప చక్రాలు ఇంకా ఉన్నాయి, కింద గేటుకు తాళం. మనుషుల్ని పాతాళానికి దించి పైకి లాగిన చక్రాలవి. తాత నలభై ఏళ్ళు దిగింది ఆ నోట్లోకే, దాని దుమ్ముతోనే ఊపిరితిత్తులు పాడై మంచంలో పోయాడు. ప్రతి ఏడూ అవ్వ అక్కడ నిలబడి, “ఇదో, షిఫ్టు అయిపోయింది, ఇంటికి రా,” అంటుంది. తాత పేరు పెట్టి పిలవదు. ఈసారి ఏమీ అనకుండా కల్వర్టు మీద కూర్చుంది.

“ఏమొచ్చింది గంగా?” అంది. “వారం నుంచి చూస్తా ఉండా. నా మొకం చూడకుండా తిరగతా ఉండావు.”

అమ్మ సంచి కింద పెట్టి, నిలబడే, కల చెప్పింది. నాకు చెప్పినట్టే చెప్పింది, ఒక మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. అవ్వ విన్నంతసేపూ గేటు తాళం వైపే చూసింది.

“అయితే ఇప్పుడు నేను నా చేత్తో నా కొడుక్కి ఆకు ఏయల్లనా?”

“నేను ఏస్తాను అత్తా.”

“నువ్వు ఏస్తే నీ తాళి ఏమవుతాది?”

“తాళి ఉండేదానికే ఉండాది. దాంతో ఆయన కడుపు నిండతాదా?” అంది అమ్మ. “ఆకలంటా వాకిట్లో నిలబడుకున్న్యాడు. మనం లోపల ముగ్గురికి పెట్టి తలుపేసుకుంటే, ఆయన బయటనే నిలబడుకోనుంటాడు కదా. నాకు అదే కనపడతా ఉండాది.”

అవ్వ గేటు వైపు చెయ్యి చూపించింది. తర్వాత మెల్లిగా అంది. “వాళ్ళ నాయన దిగినప్పుడు ఎన్నోసార్లు లోపల రాళ్ళు పడినాయి. సైరన్ కూసేది. లైనులో ఆడోళ్ళమంతా ఈ గేటు తావనే కూచోనుంటిమి. ఒగరోజు, రెండ్రోజులు. దిగినోడు రాలేదని ఎవరూ ఆకు ఏయలేదు గంగా. మనిషిని పైకి తెచ్చి మొకం చూపించే వరకూ అన్నం మూసిపెట్టుకోని కాచుకోనుంటిమి. నా కొడుకు మొకం నాకు ఎవరూ చూపించలేదు. నేనెట్ల ఏసేది?”

అమ్మ సంచి ఎత్తుకుంది. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది, అదే చిక్కు. ఇల్లు చేరేదాకా ఒకరు ముందూ ఒకరు వెనకా నడిచారు, మధ్యలో నేను మూటలు మోసుకుంటూ నడిచాను.

అమావాస్య పొద్దున ఇల్లంతా మసాలా వాసన. అవ్వ రాగిముద్ద కెలుకుతోంది, అమ్మ వడలు వేస్తోంది, నేను ఇద్దరికీ అందిస్తున్నాను. ఉప్పు, నీళ్ళు, గరిటె తప్ప వాళ్ళ మధ్య వేరే మాట లేదు. అమ్మ ఆకులు కడిగి మూడు ఒకచోట పెట్టింది. నాలుగోది మడిచి గూట్లో పెట్టింది. అవ్వ చూసింది. చూసినట్టు అమ్మకు తెలుసు.

ఫొటోలు తుడిచి బొట్లు పెట్టాం. కొత్త బట్టలు పెట్టాం. మూడు ఆకుల్లో వడ్డన అయింది. ముద్ద, పులుసు, వడలు, పాయసం, బన్ను, బీడీలు, బ్రాందీ, తమలపాకులు, పొగాకు, మల్లెపూలు. అప్పుడు అమ్మ లేచి గూట్లోంచి నాలుగో ఆకు తీసింది. వెనక్కి తగ్గే మనిషి మాదిరిగా లేదు.

“అది పక్కన పెట్టు,” అంది అవ్వ.

“అత్తా...”

“సుమ్నే ఉండు, మాట్లాడొద్దు కొంచేపు. మంజూ, అటక మీద ఇత్తడి బిందె ఉండాది చూడు. దాంట్లో గుడ్డలో చుట్టి ఒక తట్ట ఉంటాది. తీ.”

స్టూలెక్కి తీశాను. పెద్ద అంచున్న స్టీలు కంచం. అంచు మీద చుక్కలు చుక్కలుగా ‘శంకర్’ అని కొట్టి ఉంది. నాయన పోయాక ఆ కంచం నాకు ఎప్పుడూ కనబడలేదు. అమ్మ దాన్ని చూసి గోడకు చేరగిలబడింది. పోయిందనుకుందట ఇన్నాళ్ళూ.

అవ్వ చింతపండు పెట్టి కంచం తోమింది. ఆకుల వరసలో పెట్టలేదు. తలుపు దగ్గర, గోడ వార పీట వేసి, దాని ముందు కంచం పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. మూటలోంచి నీలం షర్టు తీసి, ఫొటోల ముందు పెట్టకుండా, తలుపు వెనక కొక్కానికి తగిలించింది. పని నుంచి వచ్చిన మగవాడి షర్టు ఉండే చోటు అది.

“సీనప్పకు తెలివి ఉండాది,” అంది, ఎవరితోనో అన్నట్టు. “ఆకు అయితే పోయినోళ్ళకే. తట్టలో ఎవరైనా తినొచ్చు.”

అమ్మ చేతిలోని ఆకును మళ్ళీ గూట్లో పెట్టింది. అవ్వ మాకు వీపు పెట్టి కూర్చుని తనే వడ్డించింది. మూడు ఆకులకూ కలిపి పట్టినంతసేపు ఆ ఒక్క కంచానికి పట్టింది. ఆకులకు సాంబ్రాణి వేసి, కర్పూరం వెలిగించింది. కంచానికి ఏదీ చూపించలేదు. తలుపు దగ్గరికి వేసి ముగ్గురం బయటికి వచ్చాం.

లైను పొడుగునా అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. ముసలివాళ్ళూ పిల్లలూ కోడళ్ళూ అందరూ గడపల బయట కూర్చున్నారు, ఎవరి ఇంట్లో వాళ్ళకే చోటు లేనట్టు. నాకు ఏడాది మొత్తంలో బాగా నచ్చే పది నిమిషాలు ఇవి. లోపల పోయినవాళ్ళు తింటుంటారు, బయట ఉన్నవాళ్ళు ఆకలితో కూర్చుంటారు, అందరి ముఖాలూ మర్యాదగా ఉంటాయి.

“ఇంగా తింటా ఉండారా మీవాళ్ళు?” అని ఎదురు గడప నుంచి సీనప్ప తాత అడిగాడు.

“మా ఆడబిడ్డ నిదానం. నీకు తెలీదా,” అంది అవ్వ.

కాసేపటికి అవ్వ లేచి, గట్టిగా దగ్గి, తలుపు తట్టి తీసింది. చెప్పా పెట్టకుండా తీస్తే పెద్దలు తింటూ తింటూ సగంలో లేచిపోతారని భయం. మూడు ఆకుల్లోంచీ కొంచెం కొంచెం తీసి గోడ మీద పెడితే కాకులు వచ్చాయి. ఒక కాకి తాత ముద్దను ముందు ముట్టిందని అవ్వ సంతోషపడింది, అది ముత్తాత ముద్ద అని నేను సరిదిద్దాను.

“కంచంలోది?” అని అడిగాను. “అది కూడా పెట్టేదా?”

“మనిషి తట్ట కాకికి పెడతారా ఎవరన్నా?” అవ్వ అమ్మ వైపు తిరిగింది. “గంగా, కూచో. తిను.”

అమ్మకు అర్థం కాలేదు. నాకు కూడా కాలేదు.

“వాడు తినింటే తినింటాడు. లేదంటే నీ కోసం ఒదిలిపెట్టి పోయింటాడు. మొగుని తట్టలో పెండ్లాం తినేది ఇప్పుడు కొత్తగా నేను నేర్పియ్యల్లనా? కూచో.”

ఎంగిలి కంచం మీద ఉపన్యాసాలు ఇచ్చే నేను ఆ పూట కిక్కురుమనలేదు. అమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కంచంలో చెయ్యి పెట్టింది. ముందు వడ ముక్క తిన్నది. పులుసు కలిపిన అన్నం రెండు ముద్దలు తిన్నది. కంచంలో ఒకపక్క కొంచెం తెల్లన్నం, పులుసు తగలకుండా, వేరుగా కుప్పగా ఉంది. అమ్మ వేళ్ళు దాని మీదికి పోయి ఆగిపోయాయి.

అన్నం కింద రెండు తునకలు ఉన్నాయి.

అమ్మ తలెత్తి అవ్వను చూసింది. అవ్వ సొన్నమ్మ ఆకులోంచి తమలపాకు తీసుకుని ఈనెలు గిల్లుతోంది, ప్రపంచంలో ఇంక వేరే పని లేనట్టు.

“నీకు తెలుసా అత్తా?” అంది అమ్మ.

“నా వంటలో తునకలు ఎన్నో నాకు తెలీదా? వానికి దాచేది యాడ వచ్చు. ప్రతిసారీ పులుసు పైకి కనపడేది.”

“మరి ఒక్కసారి కూడా అనలేదే.”

అవ్వ ఆకుకు సున్నం రాసింది. మడిచింది. నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

“నా అత్త నాకు పెట్టలేదు. నా చేతికీ పెట్టేది రాలేదు. వాడన్నా పెట్టనీ అనుకున్న్యా,” అంది. “ఏమన్నా అంటే మానేస్తాడు కదా.”

అమ్మ ఏడుస్తూనే ఒక తునక నోట్లో పెట్టుకుంది. అవ్వ లేచి మోకాళ్ళు పట్టుకుంటూ వంటింట్లోకి పోయి, పులుసు గిన్నె ఎత్తుకొచ్చి, అమ్మ కంచంలో గరిటెడు తునకలు తన చేత్తో వేసింది.